పాటకు గొంతు పరాయిదా?

వెంగళరావు నగర్ వీధులనుండి కృష్ణానగర్ మీదుగా ఫిల్మ్‌నగర్ కొండదాక వ్యాపించిన ఈ చలనచిత్రసీమలో, తేనీటి దుకాణముల వద్దను, రికార్డింగు గదుల వసారాలలోను, పత్రికల సమీక్షాస్తంభములలోను సమానముగా చెల్లుబడి యగుచున్న అభిప్రాయమొకటి కలదు. అది యేమనగా: పాడుటకు, ఆడుటకు, ముఖము చూపుటకు తరిఫీదు పొందినవారు వేరు, పాటను పుట్టించువారు వేరు, మొదటివారు ఇతరులు పోసిన మూసలో రూపుదిద్దుకొన్న బొమ్మలు, రెండవవారు స్రష్టలు, ఒకవేళ మొదటి తెగవారెవరైన కలము పట్టి తమ పాట తామే వ్రాసికొన్నను, స్వరము తామే కూర్చుకొన్నను, సొంతముగా నొక సంస్థ నెలకొల్పుకొన్నను, అది కీర్తి తలకెక్కుటవలన కలిగిన వికారమేగాని కళావికాసము కానేరదు.

ఈ అభిప్రాయమునకు ఇటీవల కొరియాదేశపు పాప్ సంగీతము కొత్త బలము చేకూర్చినది. మన యిండ్లలో పదునైదేండ్ల పిల్లలు బీటీఎస్, బ్లాక్‌పింక్ బృందముల పాటలను భాష తెలియకున్నను కంఠస్థము చేయుచున్నారు. టూపీఎం బృందమును వీడిన జే పార్క్ 2013లో ఏఓఎంజీ యను సంస్థను స్థాపించెననియు, బ్లాక్ బీ నాయకుడైన జికో 2018లో కేఓజెడ్ సంస్థను పెట్టెననియు, బ్లాక్‌పింక్‌కు చెందిన జెన్నీ 2023లోను, లీసా 2024లోను తమతమ సంస్థలకు తామే యజమానులైరనియు ఆ పిల్లలు ముచ్చటగా చెప్పుకొనుచుండగా, పెద్దలు పెదవి విరిచి, "కంపెనీవాళ్ళు నడక నేర్పి, నవ్వు నేర్పి నిలబెట్టినవాళ్ళు, వీళ్ళు పాట కట్టేదేమిటి, కంపెనీ నడిపేదేమిటి!" అని తేల్చివేయుచున్నారు. ఆ మాట కొరియావారిని గూర్చినదని పిల్లలు తలచుచున్నారు. కాని అది మన గాయనీగాయకులను గూర్చి, విశేషించి గాయనులను గూర్చి, ఈ పరిశ్రమ మద్రాసులో నున్ననాటినుండియు వినవచ్చుచున్న పాత మాటయే.

ఎదుటివాని వాదమును బలహీనము చేసి పడగొట్టుట ఖండనము కాదు గనుక, దానిని నిండుగానే చెప్పెదను. వారి హేతువులు నాలుగు. ఇతరుల ఆజ్ఞానుసారము ఏండ్లతరబడి అభ్యసించినవానిలో స్వతంత్ర కల్పన నశించుననుట మొదటిది. అట్టివారి పేర వెలువడు రచనలు నిజమునకు తెరవెనుక నున్న ఇతరుల శ్రమఫలములనుట రెండవది. పెంచి పెద్దచేసిన సంస్థను విడిచి సొంత దుకాణము తెరచుట కృతఘ్నతయనుట మూడవది. ఇట్టి ప్రయత్నములు చేసినవారు చాలమంది చేతులు కాల్చుకొనిరి గనుక, ఎవరి పని వారు చేసికొనుటయే మేలనుట నాలుగవది. వినుటకు నాలుగును లోకజ్ఞానమువలెనే యున్నవి. కాని ఈ నాలుగింటికిని అడుగున ఒకే పునాది కలదు: ప్రతిభను గూర్చిన తీర్పుగా కనబడు ఈ మాట నిజమునకు ఆస్తిని గూర్చిన యేర్పాటు. పాడినవానికి పాటపై హక్కు లేకుండునట్లు మొదట కాగితము వ్రాయించుకొని, అటుపిమ్మట ఆ హక్కు లేకుండుటనే వానికి శక్తి లేదనుటకు సాక్ష్యముగా చూపుచున్నారు.

శిక్షణ కల్పనకు శత్రువను మాటను మన సంగీతసంప్రదాయము నెరిగినవారు అనదగదు. సరళీవరుసలు, జంటవరుసలు, అలంకారములు, గీతములు, వర్ణములు, అన్నియు పరుల కూర్పులే. వానినే గురువు చెప్పినట్లు, చెప్పిన కాలములో, చెప్పిన గమకముతో సంవత్సరములు పాడి పాడి గొంతు అరగిన పిమ్మటగాని శిష్యునికి మనోధర్మమను మాట యెత్తుటకు అర్హత రాదు. శొంఠి వెంకటరమణయ్యగారి శుశ్రూష త్యాగరాజును వాగ్గేయకారుడు కాకుండ ఆపలేదు. విజయనగరపు సంగీత కళాశాలలో పాఠము చెప్పించుకొన్న ఘంటసాల 'మనదేశం', 'పాతాళభైరవి' చిత్రములకు స్వరములు కూర్చినప్పుడు, గాయకుడు గనుక స్వరకర్త కాజాలడని ఎవరును ఆక్షేపింపలేదు. ఆయనకు వర్తింపని సూత్రము తక్కినవారికి మాత్రము ఎట్లు వర్తించును?

కొరియాలోని శిక్షణ మన గురుకులమువంటిది కాదు, అది కర్కశమైనదందురా? అగుగాక. అక్కడి సంస్థలు పసివయసుననే పిల్లలను చేర్చుకొని, తిండిని, నిద్రను, స్నేహమును సైతము శాసించునన్న విమర్శలో పస లేకపోలేదు. కాని ఆ పిల్లలు తిరుగబడినది దేనిపైనో చూడుడు. 2009లో టీవీఎక్స్‌క్యూ బృందములోని ముగ్గురు తమ సంస్థపై న్యాయస్థానమున కెక్కినప్పుడు, వారు వ్యతిరేకించినది సాధనను గాదు, పదమూడేండ్ల ఒప్పందమును. ఆ యేడే అక్కడి ప్రభుత్వ సంఘము గాయకుల ఒప్పందములు ఏడేండ్లకు మించరాదని నమూనా పత్రమును వెలువరించెను. గొంతును బంధించినది అభ్యాసము కాదు, సంతకము.

ఇక మన యింటి దృష్టాంతమునకు వత్తము. ఒంగోలు ప్రాంతమున దొడ్డవరము గ్రామములో 1925లో జన్మించి, తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారి వద్దనే శాస్త్రీయసంగీతము నేర్చి, సి. పుల్లయ్యగారి 'వరవిక్రయము' చిత్రములో కాళింది వేషము ధరించునప్పటికి భానుమతి ఇంకను బాలిక. ఎక్కడ నిలువవలెనో, ఎటు చూడవలెనో, ఏ మాటపై కంట తడిపెట్టవలెనో పెద్దలు చెప్పగా చేసిన పిల్ల. 1945లో బి.ఎన్. రెడ్డిగారి 'స్వర్గసీమ' విడుదలయై ఆమె పాట ఊరూర మారుమ్రోగినప్పుడు, నేటి భాషలో చెప్పవలెనన్న, ఆమె సంపూర్ణముగా తయారైన తార. మన విమర్శకుల సూత్రమే సత్యమైనచో ఆమె కథ అక్కడనే ముగియవలెను: అందమైన ముఖము, అంతకన్న అందమైన గొంతు, ఎవరో వ్రాసిన మాటలు, ఎవరో కట్టిన వరుసలు.

కాని జరిగినదేమి? కుమారుడు భరణి పేర భర్త రామకృష్ణారావుగారితో కలిసి భరణీ పిక్చర్స్ నెలకొల్పి, 'రత్నమాల'తో ఆరంభించి, 1949లో 'లైలా మజ్ను' తీసి, మద్రాసు సాలిగ్రామములో సొంత స్టూడియోను సైతము నిలిపి, 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళ, హిందీభాషలు మూడింటను తానే దర్శకురాలై తీర్చిదిద్దినది ఆమెయే. మూడు భాషలలో ఒక చిత్రమును తీయుటయన్న, సంభాషణలు మార్చి బొమ్మను అతికించుట కాదు. ఒక్కొక్క ఘట్టమును ఒక్కొక్క భాషకును వేరువేరుగా నటించి చిత్రించుట. కెమెరాకు ముందు రాణియై నిలిచి, ఆ షాటు ముగియగానే ఆ వేషముతోనే కెమెరాకు వెనుకకు నడచి తరువాతి షాటును నిర్ణయించిన ఆ ఇరువది యేడేండ్ల స్త్రీని బొమ్మ యనువాడు బొమ్మలాటనే ఎరుగడు.

మరుసటి సంవత్సరమే వచ్చిన 'చక్రపాణి'ని కొంచెము దగ్గరగా చూడుడు. పిసినారి తాత సొత్తుకోసము లేని సంసారమును ఉన్నట్లు నటింపవలసివచ్చిన యువతి కథ అది, పిసినారిగా సి.ఎస్.ఆర్. ఆంజనేయులు, నాయకునిగా అక్కినేని. అందులో నాయిక భానుమతి, గాయని భానుమతి, సంగీతదర్శకురాలు భానుమతి. హాస్యచిత్రమునకు సంగీతము కూర్చుట విషాదచిత్రమునకు కూర్చుటకన్న కఠినము, ఏలయన నవ్వు తాళము తప్పినచో క్షమింపదు. ఆ తాళము ఆమెకు ఎక్కడినుండి వచ్చినది? పదునాలుగేండ్లుగా ఇతరుల వరుసలు పాడుచు, ఏ మాట వద్ద ఊపిరి పట్టిన శ్రోత నవ్వునో, ఏ మాట వద్ద విడిచిన నిట్టూర్చునో తన గొంతులోనే కొలిచి చూచుకొనుటవలన వచ్చినది. శిక్షణ కల్పనను చంపలేదు. కల్పనకు కావలసిన సరంజామా నంతయు దాచిపెట్టినది.

రెండవ హేతువువారు ఇక్కడ చేయి యెత్తుదురు: "భర్త దర్శకుడు గదా, అంతయు ఆయన చేయించినదే." స్త్రీ పేర నున్న ప్రతి పనికిని ఒక పురుషుని వెదకిపెట్టు ఈ అలవాటు మనకు కొత్త కాదు. 'చక్రపాణి'కి రామకృష్ణారావుగారు దర్శకులన్నది నిజము. 'చండీరాణి'కి కారన్నదియు అంతే నిజము. 1972లో 'అంతా మన మంచికే', 1982లో అందరును బాలలే నటించిన 'భక్త ధ్రువ మార్కండేయ' ఆమె దర్శకత్వముననే వచ్చినవి. 'అత్తగారి కథలు' వ్రాసి తెలుగు హాస్యసాహిత్యమున తనకంటూ ఒక పీటను వేసికొన్నదియు, 1980లలో మద్రాసు ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాలుగా కూర్చున్నదియు ఆమెయే. ఇన్ని చోట్ల ఇన్ని యేండ్లు తెరవెనుక నిలిచియుండగల అదృశ్యపురుషుడెవడో చూపవలసిన బాధ్యత ఆక్షేపించువారిదేగాని మనది కాదు.

పేర్ల విషయమున అన్యాయము జరుగుట లేదని నే ననను. తాను వ్రాయని చరణముక్రింద ప్రసిద్ధుడు సంతకము చేయుటయు, వ్రాసిన అనామకుడు వీధిలో మిగులుటయు ఇక్కడను కలదు, కొరియాలోను కలదు, అమెరికాలోను కలదు. దానికి విరుగుడు పేర్లను సరిగా నమోదుచేయుటయేగాని, పాడువారిని వ్రాయవద్దనుట కాదు. అంతేకాక, ఈ సీమలో పేరు పోగొట్టుకొనువారిలో పాడువారే ముందువరుసలో నున్నారు.

రికార్డింగు గదిలో జరుగుదానిని చూడుడు. గాజుతలుపు వెనుక గాయని హెడ్‌ఫోన్లు తగిలించుకొని, స్టాండుపై నున్న కాగితములో ఊపిరి తీయవలసిన చోట్ల పెన్సిలుతో గీతలు పెట్టుకొని నిలిచియుండును. పల్లవి మొత్తమును ఒక్కసారిగా పాడించుట నేడు అరుదు. ఒక్కొక్క పంక్తిని నాలుగైదు మారులు పాడించి, ఒక టేకులోని మొదటి సగమును మరియొక టేకులోని రెండవ సగమునకు అతుకుదురు. "చివరి మాట కొంచెం నవ్వుతూ, అమ్మా" అని ఇవతలినుండి మైకులో వినబడును. ఆమె నవ్వుచు పాడును. ఆ వరుసలో లేని చిన్న విరుపును ఒకదానిని తనంతట తాను చేర్చును. "అదే బాగుంది, ఉంచేద్దాం" అందురు. రేపు ఆ పాటను జనము గుర్తుపట్టునది ఆ విరుపువలననే. పని ముగిసిన పిమ్మట ఒక వోచరుపై సంతకము, ఒక కవరు. తాను పాడినది వేరొక గాయని విని పాడుటకు నమూనా యగు ట్రాక్ మాత్రమేనా, చిత్రములో నిలుచు గొంతు తనదేనా యనునది ఆమెకు పాట విడుదలయైన నాడు, అందరితోపాటు, ఫోనులో విన్నప్పుడు తెలియును. ఆ విరుపు మాత్రము ఆ వేరొక గాయని గొంతులోనికి నడచిపోయి అక్కడనే యుండును. ఇట్టి గదిలో సృష్టి ఎక్కడ ముగిసి అనుకరణ ఎక్కడ మొదలైనదో గీత గీయగలవారెవరు? కాని కాగితము గీయుచున్నది.

ఆ కాగితమునకు చరిత్ర కలదు. 1957 నాటి కాపీరైట్ చట్టమును వ్యాఖ్యానించుచు 1977లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, నిర్మాత డబ్బిచ్చి చిత్రముకొరకు చేయించుకొన్న సాహిత్య సంగీతములకు, వేరొక ఒప్పందము లేనిచో, నిర్మాతయే తొలి యజమాని యని నిర్ణయించినది. ఆ తీర్పునకు జస్టిస్ కృష్ణయ్యర్ ప్రత్యేకముగా అనుబంధము వ్రాసి, స్వరకర్తకైన ఏదో కొంత రక్షణ కలదు గాని, పాటకు ప్రాణము పోయు గాయకునికి మన చట్టములో చోటే లేదని విచారపడెను. ప్రదర్శకుల హక్కు అనునది 1994 సవరణతో చట్టములోనికి వచ్చినది; కవికిని స్వరకర్తకును రాయల్టీని నిర్మాతకు ధారపోయ వీలులేని హక్కుగా చేసి, గాయకులకును వాణిజ్యవినియోగములో భాగము కల్పించినది 2012 సవరణ. అనగా స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట అరువదేండ్లకు పైగా, పాడినవాడు తన పాటకు చట్టరీత్యా అతిథి. 2017లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యమంతటివాడు విదేశములలో కచేరీలు చేయుచుండగా ఇళయరాజా పక్షమునుండి నోటీసు వచ్చి, ఆ పాటలను పాడుట మానవలసివచ్చినది. న్యాయము ఎవరి పక్షమున నున్నదో ఇక్కడ విచారింపను. స్వరకర్త తన హక్కు నడుగుట తప్పు కాదు. కాని నలుబదేండ్లు జనుల నాలుకలపై ఆ పాటలను నిలిపిన గొంతు ఒక్క కాగితముతో మౌనము వహింపవలసివచ్చెనన్న, గాయకుడు తన సొంత పాటను, సొంత సంస్థను కోరుట తలపొగరు ఎట్లగును? ఇల్లు లేనివాడు ఇల్లు కట్టుకొనుటను అహంకారమనువాడు తప్పక అద్దె తీసికొనువాడై యుండును.

ఇక కృతఘ్నత. ఈ అభియోగమునకు సమాధానము ఆ బాలసుబ్రహ్మణ్యమే. 1966లో తనచేత తొలిపాట పాడించిన ఎస్.పి. కోదండపాణిగారిని ఆయన మరువలేదు. తాను స్వరకర్తయై, నిర్మాతయై ఎదిగినప్పుడు తన నిర్మాణసంస్థకు గురువుగారి పేరే పెట్టుకొనెను. 1995లో 'శుభసంకల్పం' వెలువడినది ఆ కోదండపాణి పేరు మోసిన సంస్థనుండియే. భానుమతి సైతము భరణీకి యజమానురాలైన పిమ్మటనే 1951లో బి.ఎన్. రెడ్డిగారి 'మల్లీశ్వరి'లో నటించెను. తనను తారను చేసిన దర్శకుని వద్దకు సొంత సంస్థాధినేత్రియై తిరిగివచ్చి, అంతకుముందుకన్న మిన్నగా పనిచేసెను. స్వతంత్రుడైనవాడు వచ్చి చేసిన పనిలోనే గౌరవము కలదు. పోవుటకు చోటు లేనివాడు నిలిచియుండుటను కృతజ్ఞత యనరు.

నష్టముల మాట నాలుగవది. ఇది అన్నింటికన్న బరువైనది, ఎందుకనగా ఇందులో నిజమైన కన్నీళ్ళు కలవు. ఘంటసాల సొంతముగా తీసిన చిత్రములు ఆయన గొంతు సంపాదించినదానిని నిలుపలేదు. 1968లో సావిత్రి దర్శకత్వమున వచ్చిన 'చిన్నారి పాపలు' పరాజయము పొంది, ఆమె బ్రతుకులో కష్టకాలమునకు ఆరంభమైనది. ఈ రెండు పేర్లను చెప్పి, "చూచితిరా!" యని మనవారు వ్రేలు చూపుదురు. చూచితిని. కాని ఆ 'చిన్నారి పాపలు'కు సంగీతదర్శకురాలు గాయని పి. లీల యన్నది ఎందరు చూచిరి? వేలకొలది పాటలు పాడిన ఎస్. జానకి 1989లో 'మౌనపోరాటం'నకు స్వరములు కూర్చి, ఆ పనియు తనకు చేతనగునని ఋజువు చేసిన పిమ్మట, ఎందరు నిర్మాతలు ఆమె గడప తొక్కిరి? పరాజితులను జ్ఞాపకముంచుకొని సమర్థులను మరచుటకు అనుభవజ్ఞానమని పేరు పెట్టరాదు. నిర్మాతలు ఏటేట పదుల చిత్రములతో నష్టపోవుచునే యున్నారు. నిర్మాతలు చిత్రములు తీయరాదని ఎవరును సిద్ధాంతము చేయరు. నష్టపడు స్వేచ్ఛ కొందరికి వ్యాపారమును, మరికొందరికి గుణపాఠమును అగుట ఎట్టి న్యాయము?

ఒక హద్దును నేనును అంగీకరింతును. సంస్థ పెట్టిన ప్రతివాడును స్రష్ట కాడు. స్వాతంత్ర్యమని పేరుపెట్టుకొన్నది ఎల్లప్పుడు స్వతంత్రముగా మిగులదు. జికో స్థాపించిన కేఓజెడ్‌ను రెండేండ్లకే, 2020లో, నేడు హైబ్ యనబడు మహాసంస్థ కొనివేసినది. తన ముఖచిత్రముతో సబ్బులు అమ్ముకొనుటకు తెరచిన కార్యాలయమును కళాసంస్థ యని నేను పొగడను. కాని దీనివలన తేలునది, ఒక్కొక్కరి పనిని విడిగా తూచవలెననియేగాని, తక్కెడకు ఎక్కనీయకయే తీర్పు చెప్పవచ్చునని కాదు.

అట్లు తూచుటకు నేడు తెలుగువారి నడుమనే ఒక ఉదాహరణము కలదు. కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్‌లో తెలుగు కుటుంబమున పుట్టిన శ్వేత యల్లాప్రగడ చిన్ననాట కూచిపూడి నేర్చి వేదికలెక్కినది. రాజకుమారి యను పేర పాటల రచయిత్రియై, ఫాల్ అవుట్ బాయ్ బృందము 2014లో వెలువరించిన 'సెంచరీస్' రచనలో భాగస్వామిని యైనది. అనగా తన గొంతు వినబడకముందే పరుల గొంతులలో ఆమె మాట వినబడినది. తరువాత పెద్ద సంస్థల నీడలో పాడి, పిమ్మట గాడ్‌మదర్ రికార్డ్స్ అను సొంత సంస్థను పెట్టుకొని, 2023లో 'ది బ్రిడ్జ్' అను సంపుటిని దానినుండియే వెలువరించినది. ఆమె పాటలు మీకు నచ్చవచ్చును, నచ్చకపోవచ్చును. నాకును అన్నియు నచ్చవు. కాని కూచిపూడి జతుల నడకను ర్యాపు నడకలో కలుపవలెనన్న ఆలోచన ఏ కార్యాలయమును ఆమెకు అప్పగించినది కాదు. కాళ్ళకు గజ్జె కట్టి నేర్చిన శరీరమే దానిని కనిపెట్టినది. ఆ సంపుటి బాగోగులు ఇక ఆమెవి, లాభనష్టములు ఆమెవి, తప్పొప్పులు ఆమెవి. విమర్శకునికి ఇంతకన్న మేలైన పరిస్థితి లేదు, ఏలయన ఎవరిని మెచ్చవలెనో ఎవరిని నిందింపవలెనో ఇప్పుడు స్పష్టము.

కావున కొండమీది కార్యాలయములలో నున్నవారికిని, క్రింద వెంగళరావు నగర్‌లో అద్దెగదులలో నుండి అవకాశముకొరకు తిరుగుచున్న పిల్లలకు హితము చెప్పు పెద్దలకును నేను కోరునది ఇది. గాయని చేతికి వోచరుతోపాటు ఒప్పందపు ప్రతిని ఇండు. 2012లో చట్టమిచ్చిన భాగమును దయగా గాక బాకీగా చెల్లింపుడు. వరుసలో ఆమె చేర్చినది నిలిచినచో ఆమె పేరును నిలుపుడు. ట్రాక్ పాడినవారి పేరును సైతము వ్రాయుడు. ఆమె తన పాటను తాను కట్టుకొని తెచ్చినప్పుడు, గాయని కట్టినదని గాక, పాటయని వినుడు, చెడ్డదైన చెడ్డదనుడు. ఇన్ని చేసిన పిమ్మటను పాడువారిలో స్రష్టలు లేరని తేలినచో, నాడు మీ సిద్ధాంతమును నేనును ఒప్పుకొందును. ఇంతవరకు మీరు పరీక్ష పెట్టలేదు. పరీక్ష పెట్టకుండ తప్పినవారి పట్టికను మాత్రము గోడకు అంటించితిరి.